ఎందుకు మార్సినావో రాయి బావా

మా సీనియర్ పోయారని మొన్న ఫోన్ వచ్చింది. నిన్నటికి నా ఏడుపు ఆయన మీద కోపమైంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో గోపాలపట్నంలో ఒక మేడమీద మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉండేది. ఫిషింగ్ హార్బర్‌లో చేపల కాటాకి తూకం చీటీలు కొట్టే ప్రోగ్రాము రాస్తున్నాం. ఆయన వయసుతో పనిలేకుండా అందరినీ బావా అనేవారు. అందరినీ విసిగించేవారు కూడా.

నేను రాసిన చీటీ ప్రోగ్రాము కాటాని తనే వెతుక్కునేది. కాటా ఉండేది హార్బర్‌లోనే గనక, ఏ చిన్న మార్పు సరిచూడాలన్నా అక్కడికి పరుగెత్తాలి.

"సీటీ కొట్టేదానికి కాటా ఎక్కడుంటే ఏటి బావా? బయట్నుంచి దాని సేతికివ్వు. అక్కడ నిజం కాటా ఇత్తాం, ఇక్కడ ఉత్తుత్తి కాటా. ఆఫీసులోనే సూసుకోవచ్చు" అన్నారు ఆయన.

మూడు రోజుల పని మళ్లీ మొదటికొచ్చింది. నాకు ఒళ్లు మండింది. ఎవరేం మార్చారో గుర్తుపెట్టుకునే వెర్షన్ కంట్రోల్‌లో ఒక్కో మార్పునూ విడిగా ఎక్కించమని ఆయన అంటే వినకుండా, అంతా ఒకేసారి ఎక్కించి "మార్పులు" అని ఒక్క ముక్క రాసి పడేశాను. ఆ ఊపులోనే మొత్తం తూకంలోంచి తడి గంప బరువు తీసేసే లైను అనవసరమనుకుని చెరిపేశాను.

మర్నాడు హార్బర్‌లో గొడవ. "సేపలకేత్తన్నారా కాటా, గంపలకా?" అంటూ చేపలు కొనే ఒకావిడ చీటీని మా ఓనరు మొహం ముందు ఆడించింది. ఎవడు చేశాడని ఓనరు అరిచాడు. నేను ఉద్యోగంలో చేరి రెండు నెలలు. ఒక అడుగు వెనక్కి జరిగాను.

"నానే. సూసుకోనేదు" అన్నారు మా సీనియర్.

ఓనరు ఆయన్ని అందరిముందూ తిట్టి, హార్బరు పని తీసేసి నాకిచ్చాడు. అప్పగిస్తూ ఆయన అన్నది ఒక్కటే: "ఏటి మార్సినావో మెషినే సెప్తాది. ఎందుకు మార్సినావో నువ్వు రాయి బావా." మామూలు నసే అనుకున్నాను. తప్పు తనదేనని ఆయన నిజంగా అనుకున్నారని ఇన్నేళ్లూ నమ్మాను. అలా నమ్మితే నాకు హాయిగా ఉండేది మరి.

నిన్న నా దగ్గర మిగిలిన ఆఫీసు పాత కంప్యూటరు తెరిచి, ఆ ప్రోగ్రాములో ఏ రోజు ఎవరేం మార్చారో చూశాను. గొడవ జరిగిన రోజే ఆయన ఆ లైను తిరిగి పెట్టారు. కారణం ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులో రాశారు: "నా అజాగ్రత్త వల్ల పోయింది." దాని కిందే, లైను చెరిపినవాడిగా నా పేరుంది. అది చూడకుండా ఆయన దాన్ని తిరిగి పెట్టి ఉండలేరు.

ఒక్క తిట్టు తిట్టి ఉంటే అప్పుడే ఒప్పుకునేవాణ్ని కదా సార్!

ఉండబట్టలేక ఓనరుకు ఫోన్ చేశాను. ఆ గంప తప్పు నాదని చెప్పాను.

"ఏ గంప? ఏటి మాటాడతన్నావు?" అన్నాడు.

హార్బరు, చీటీ, ఆవిడ అరుపులు, అన్నీ వరసగా చెప్పాను. కనీసం మా సీనియర్‌ని తిట్టిన సంగతైనా గుర్తు తెచ్చుకోమని, ఫోన్ చెవికి నొక్కిపట్టుకుని ఓనరును బతిమాలుతూ నిలబడ్డాను.