నిమ్మకాయ ఉండగా ఒకసారి, తీసి ఒకసారి

ఒకే ప్రాసెసర్‌లో రెండు కోర్లు, అంటే లెక్కలు చేసే రెండు మెదళ్లు, ఉండే కంప్యూటర్లు అనంతపురానికి అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. అందరికీ ఉచితంగా దొరికే ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ గురించి నేను వివరణ పత్రం రాస్తున్నాను. ప్రాసెసర్‌లో కోర్లకు చేతికందే దూరంలో క్యాష్ అనే చిన్న నిల్వ ఉంటుంది. ఏ క్యాష్ ఒక్క కోరుకే సొంతం, ఏది రెండింటికీ ఉమ్మడి అన్నది కెర్నెల్ ఎలా తెలుసుకుంటుందో చెప్పాలి. మా వీధిలో ట్యాంకరు నీళ్లకు రెండిళ్లకూ ఒకే డ్రమ్ము. ఒకరు దుప్పట్లు ఉతికిన రోజు రెండోవారికి స్నానం లేదు. ఇదీ అంతే.

కెర్నెల్ చేసే పని సులువు. ప్రాసెసర్‌నే అడుగుతుంది, అది చెప్పింది నమ్ముతుంది. నాకు అక్కడే మింగుడుపడలేదు. పరీక్షించనిదాన్ని నమ్మకూడదని సభల్లో బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. అడిగి నమ్మిన మాటను నా పేరుతో కెర్నెల్ వాళ్లకు ఎలా పంపను? పైగా మా హేతువాద సంఘం నియమం ఒకటుంది: ఏ పరీక్షయినా ఎదుటి పక్షం కళ్లముందే జరగాలి.

నాకు అందుబాటులో ఉన్న రెండు కోర్ల యంత్రం ఒక్కటే. అది ఇంటర్నెట్ సెంటరు నడిపే వాస్తు సిద్ధాంతిది. ప్రతి సభలోనూ నా మీదికి లేచే ఎదుటి పక్షం కూడా ఆయనే. కంప్యూటరు పెట్టె తూర్పు ముఖంగా ఉంది. దాని మీద దారం కట్టిన నిమ్మకాయ.

సంగతి విని ఆయన పగలబడి నవ్వాడు. "ఏమప్పా, ప్రాసెసర్ చెప్పింది కెర్నెల్ నమ్మితే సైన్సు, శాస్త్రం చెప్పింది నేను నమ్మితే మూఢమా?"

"అందుకే పరీక్ష చేసేకి వచ్చినానన్నా."

క్యాష్‌ను ముప్పాతిక నింపే ప్రోగ్రామును ఒక కోరు మీద నడిపాను. పరుగెత్తింది. రెండు కోర్ల మీదా ఒకేసారి నడిపితే రెండూ ఈడ్చుకుంటూ సాగాయి. డ్రమ్ము ఒక్కటే! క్యాష్ ఉమ్మడి అని ప్రాసెసర్ చెప్పింది నిజమే.

"నిమ్మకాయ ఉండాది కాబట్టే నిజం చెప్పింది," అన్నాడాయన.

"అయితే తీసేయన్నా. మళ్లా చేద్దాం."

ఆయన మొహం వాడిపోయింది. "మిషను పోతే ఎవురప్పా దిక్కు?"

"పోతే వచ్చే సభలో నీ పక్కనే కూర్చుంటా, సరేనా?"

ఆ ఆశకు లొంగి, కళ్లు మూసుకుని తీశాడు. మళ్లీ నడిపాను. అదే ఫలితం. "పోనీలే, ఉంటే నష్టమూ లేదు గదా," అంటూ గబగబా తిరిగి కట్టేశాడు. కట్టి నా వైపు తిరిగాడు. "ఈ సంగతి గూడా రాయి. రాయకుంటే సగం నిజం చెప్పినట్లు."

కాదనడానికి నాకు దారి లేదు. పరీక్ష వివరాల చివర ఒక వాక్యం చేర్చాను: యంత్రం మీద నిమ్మకాయ ఉండగా ఒకసారి, తీసి ఒకసారి నడిపాము, తేడా కనిపించలేదు.

కొన్నాళ్లకు కెర్నెల్ వాళ్లలో పత్రాలు సరిచూసే పెద్దమనిషి దగ్గరనుంచి మెయిల్ వచ్చింది. పత్రం తీసుకున్నారు. ఒక్క వాక్యం మాత్రం కొట్టేశారు.

సిద్ధాంతి నా భుజం మీదుగా చదివి తొడ చరిచాడు. "చూసినావా? పరీక్ష చేసి తేల్చిన నిజాన్ని మీవాళ్లే కొట్టేసినారు. ఇప్పుడు చెప్పప్పా, ఎవురు మూఢులు?"

నాకు ఒళ్లు మండింది. ఆ కుర్చీలోనే కూర్చుని, ఆ వాక్యాన్ని తిరిగి పెట్టి తీరాలని ఆ పెద్దమనిషికి ఇంత పొడవు వాదన రాశాను. సిద్ధాంతి వెనక నిలబడి, "ఇంకా గట్టిగా రాయప్పా," అంటూనే ఉన్నాడు.