వంతపాటగాడికి వేరే టోకెను

ప్రత్యేక రాష్ట్రం వచ్చిన నాలుగో ఏట, ఆషాఢ మాసంలో, మా జిల్లా కలెక్టరేటులోని ఒక కార్యాలయంలో కంప్యూటర్ ఆపరేటరుగా చేరాను. పొరుగు సేవల ఉద్యోగం. అంటే పని సర్కారుది, జీతం ఏజెన్సీది, ఏటేటా పొడిగిస్తేనే ఉంటుంది. కొన్నేళ్ల తర్వాత పొడిగించలేదు. విరమణ అనడానికి నా వయసు చాలదు గాని, ఆ పని నాకు అయిపోయింది. అప్పటి డైరీ ముందు పెట్టుకుని ఈ ఒక్క సంగతి రాస్తున్నాను.

నేను చేరిన ఏడాదే వయసు మీరిన జానపద కళాకారులను గుర్తించే పని వచ్చింది. గుర్తింపు కార్డు ఉంటేనే పింఛనుకు పేరు పోతుంది. దరఖాస్తు రాగానే ఇన్‌వర్డు పుస్తకంలో ఎక్కించి సంఖ్య వేయాలి. ప్రదర్శనల ఫొటోలో, పత్రికల కత్తిరింపులో ఉంటే జతచేయాలి. అవి లేనివాళ్లను ముగ్గురు సభ్యుల కమిటీ ముందుకు పిలుస్తారు. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు. వాళ్లు వేసిన మార్కులు నేను ఎక్కిస్తాను. సూపరింటెండెంటు సరిచూసి షీటు మీద సభ్యుల సంతకాలు తీసుకుంటారు.

నార్కట్‌పల్లి దిక్కు నుంచి మల్లయ్య, ఆయన బావమరిది సాయిలు వచ్చారు. గొర్లు కాసుకుంటూ నలభై ఏళ్లుగా గొల్ల సుద్దులు చెబుతున్నవాళ్లు. గొంగళ్లు కప్పుకొని, కాళ్లకు గజ్జెలు కట్టి మందల కథలు పాడతారు. మల్లయ్య కథకుడు, సాయిలు వంత. కథకుడు చరణం అని ఆగుతాడు. వంత దాన్ని అందుకుని తిప్పి అంటేనే తర్వాతి చరణం వస్తుంది. వాళ్ల ఆట ఎవరూ ఫొటో తీయలేదు. ఆ అయిదు నిమిషాలే వాళ్లకు ఆధారం.

తలుపు దగ్గర అటెండరు సాయిలును ఆపాడు. "ఒక్క టోకెనుకు ఒక్కడే. జంటగ పోనీకి ఇదేమన్న పెండ్లి పందిరా, తాతా?"

"పెండ్లి ఎప్పుడో అయింది. మా అక్కను ఈయనకే ఇచ్చినం. జర పోనీయి."

అటెండరు నవ్వాడు గాని వదల్లేదు.

మల్లయ్య ఒక్కడే లోపలికి వచ్చి దండం పెట్టి, కర్ర నేలకు తాటించి, "మంద కదిలెరా, మబ్బుల మంద కదిలెరా" అని ఆగాడు. గదిలో ఫ్యాను చప్పుడే ఉంది. మళ్లీ అని, మళ్లీ ఆగాడు.

"ఎవలన్న జర అందుకోండ్రి సార్. ఊఁ అన్నా సాలు."

"నువ్వే కానీయి పెద్దాయనా, టైం పోతాంది," అన్నాడు ఒక సభ్యుడు.

వంత కూడా తానే అనబోయాడు. ఊపిరి చాలలేదు. మూడో చరణానికి దరువు తప్పింది. "గింతే సార్," అని గొంగడి సర్దుకున్నాడు.

మా అవ్వ కథ చెబుతుంటే ఊఁ కొడుతూ పెరిగినదాన్ని. ఆయన అడిగింది ఏమిటో నాకు తెలుసు. జాబితాలో తర్వాతి సంఖ్య సాయిలుదని, అతను తలుపు అవతలే ఉన్నాడని కూడా తెలుసు. ఆ జాబితా టైపు చేసింది నేనే. అందరి ముందూ మాట్లాడాలంటే నాకు బెరుకు. కంప్యూటర్ తెర వైపు చూస్తూ కూర్చున్నాను.

తర్వాత సాయిలును పిలిచారు. ఏం పాడతావని అడిగారు.

"మా బావ ఏదంటే దాన్నే నేను తిప్పి అంట సార్."

"ఆయన లేకుంటే నీకేం వచ్చు?"

సాయిలు బావ వెళ్లిన తలుపు వైపు చూశాడు. "ఆయన యాడ తప్పుతడో గది వచ్చు సార్."

సభ్యులు నవ్వారు. అతని వరుసలో నేను సున్నా ఎక్కించాను. మల్లయ్యకు వచ్చిన మార్కులు కూడా కార్డుకు చాలలేదు.

మధ్యాహ్నం సంతకాలు అయ్యాక సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లి సంగతి చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. "పొద్దుగాల చెప్తే ఇద్దర్ని ఒక్కసారే పిలుద్దుము గదమ్మా. ఇప్పుడు షీటు పైకి పోయింది," అన్నారు. వాళ్ల తరఫున అప్పీలు నేనే రాసిపెట్టాను. దరఖాస్తుదారులను విడివిడిగా పరీక్షించడమైనది, పునఃపరిశీలనకు కారణం కనబడదు అని రెండు వాక్యాలతో తిరిగి వచ్చింది.

వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు ఆ కాగితం వరండాలో చదివి వినిపించాను. మల్లయ్య దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇన్నేండ్లు మేం ఒక్కలమే అనుకున్నం బిడ్డా. ఇద్దరమని గీడికొచ్చినంకనే తెలిసింది."

తర్వాతి ఏడు సాయిలు భూమి కాగితాల పని మీద వచ్చినప్పుడు అడిగాను. పాట మానేశామన్నాడు. చరణం అని ఆగాలంటే బావకు భయమైతాందట.

సంతకాలకు ముందు ఎవరైనా ఒక్క మాట అంటే పని మారుతుందని, తర్వాత ఎంత రాసినా మారదని ఆ ఉద్యోగంలో నేర్చుకున్నాను. నలభై ఏళ్లు వదలకుండా పాడినవాళ్లకు ఏం దక్కుతుందన్నది, ఆ పూట గదిలో ఉన్నవాళ్లలో తెలిసిన మనిషి నోరు తెరవడం మీద ఉంటుంది. ఆ పూట తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.