పక్కింటి సారు, ఇంగ్లండు దొంగలు

మొన్న శుక్రవారం పొద్దున మా పక్కింటి సారు పోయారు. ఆయన భార్యను నేను ఆపా, అంటే అక్కా, అని పిలుస్తాను. గోడ అవతల నుంచి ఆమె కేక వేస్తే పరుగెత్తాను. సారు కుర్చీలోనే ఉన్నారు, ఒడిలో తెరిచిన పుస్తకం.

"సూడు చెల్లె, పోయేటప్పుడు గూడ నాతోని ఒక్క మాట మాట్లాడలె. గా ఇంగ్లండోళ్లతోనే ఉన్నడు" అని ఆపా ఏడ్చింది. ఏడుపులో కోపమే ఎక్కువ. ఆ కోపం నాకూ కొత్త కాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ఆయన బోధన్ వచ్చారు. నిజామాబాద్ కాలేజీలో చరిత్ర చెప్పేవారు, రోజూ బస్సులో పోయి వచ్చేవారు. మిగతా వేళంతా పరిశోధన. వందల ఏళ్ళ కిందట ఇంగ్లండు పల్లెల్లో దొంగతనం జరిగితే, సొమ్ము పోయినవాడు కేక పెట్టాలట. విన్న ప్రతివాడూ పని వదిలి దొంగ వెంట ఉరకాలట. ఉరకనివాడికి జరిమానా అట. ఆ చట్టం మీదే ఆయన థీసిస్. చెంచాడు ఉప్పు కోసం వెళ్ళినా నాకు అదే చెప్పేవారు. ఇక్కడ పొయ్యి మీద పప్పు మాడిపోయేది.

పైగా ఏ చిన్న తగువునూ తేల్చనిచ్చేవారు కాదు. నా కూతుళ్ళు రిబ్బను కోసం కొట్టుకుంటే ఇద్దరికీ చెరొకటి వేసి ముగిద్దామనుకునేదాన్ని. గోడ మీదుగా ఆయన తల కనిపించేది. "ఆగు చెల్లె, చిన్నదాని మాట విన్నవా?" అది విన్నాక మళ్ళీ పెద్దదాని మాట. అన్నాల వేళ దాటిపోయేది.

ఒక చెరుకు కోతల కాలంలో మా వాకిట్లోని ఇత్తడి బిందె పోయింది. దొంగ, దొంగ అని అరిచాను. వీధంతా ఉరికింది. కోతకు మహారాష్ట్ర నుంచి వచ్చిన ఒక కూలీ, భుజాన బిందెతో రోడ్డు మీద దొరికాడు. దెబ్బలు పడుతుండగానే సారు చెప్పులు కూడా లేకుండా వచ్చి అడ్డం నిలబడ్డారు.

"ఏమంటున్నడో విన్నరా?"

"మరాఠీల మొత్తుకుంటున్నడు సారూ, ఎవనికి తెలుస్తది?" అన్నారెవరో.

సారు నా వైపు తిరిగారు. "నీకొస్తది గద చెల్లె. నువ్వు చెప్పు."

మా అమ్మగారి ఊరు సరిహద్దు పక్కనే, మరాఠీ నాకు వచ్చు. పోయిందేమో నా బిందె, చెప్పాల్సింది వాడి మాట! ఒళ్ళు మండిపోయింది.

"అంగట్ల కొన్నడంట" అన్నాను విసురుగా.

"అట్ల గాదు. ఆయన ఎట్ల చెప్తె అట్లనే చెప్పు."

చేసేది లేక చెప్పాను. "నేను అంగట్ల కొన్న. మా ఇంటిదానికి బిందె లేదు, పగిలిన కుండతోని వాగుకు పోతది. నేను దొంగను గాను."

దొంగను నేనే అయినట్టు జనం నా ముఖమే చూస్తున్నారు.

"ఇప్పుడు నీ మాట చెప్పు చెల్లె. గది నీ బిందెనే అని గట్టిగ చెప్తవా?"

తిప్పి తిప్పి చూశాను. నా బిందె మీద పేరు చెక్కించలేదు. గట్టిగా చెప్పలేకపోయాను. అంగట్లో అమ్మినవాడూ దొరకలేదు. ఆ మనిషి పెదవి మీది నెత్తురు తుడుచుకుని, బిందె ఎత్తుకుని వెళ్ళిపోయాడు. అది నాదో కాదో నేటికీ తెలియదు. ఆ ఎండాకాలమంతా సారుతో నేను మాట్లాడలేదు.

థీసిస్ ఎప్పటికీ పూర్తి కాలేదు. ఎందుకని ఒకసారి కసిరాను.

"పాత కాయితాలల్ల కేక పెట్టినోళ్ల మాటనే ఉన్నది చెల్లె. దొరికినోడు ఏమన్నడో ఎవ్వలు సరిగ రాయలె. సగమే విని ఎట్ల ముగించాలె?"

"గీయన దాన్ని ముగించడు, నన్ను ముగిస్తడు" అంది ఆపా లోపలి నుంచి.

ఇప్పుడు ఎవరి మీద చెయ్యి లేచినా, అవతలి మనిషి మాట ముందు నా నోట్లోకి వస్తుంది. మంచి చిక్కే తెచ్చిపెట్టి పోయారు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం నమాజు తర్వాత సారు జనాజాను భుజాలకెత్తుకుని బయల్దేరారు. వీధి చివర చక్కెర ఫ్యాక్టరీ రోడ్డు దాకా నేనూ నడిచి ఆగిపోయాను. బారులు తీరిన చెరుకు బండ్లు పక్కకు తప్పుకున్నాయి. ఒక బండివాడు పగ్గాలు పక్కవాడి చేతికిచ్చి దిగాడు, తలపాగా సర్దుకుని వెళ్ళి జనాజాకు భుజం పట్టాడు. కొంత దూరం మోసి, చెమట తుడుచుకుంటూ తిరిగి వచ్చాక నన్ను అడిగాడు:

"పోయింది ఎవలమ్మా?"