ఉడుత కాటుకు దురాయి

1962లో నన్ను అసిస్టెంట్ సర్జనుగా బోగోలుకు తూర్పున, సముద్రం ఒడ్డుకు దగ్గరలో కొత్తగా తెరిచిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వేశారు. కొత్తదంటే గోడలు కొత్తవని కాదు. ఒక రైతు వడ్ల కొట్టును అద్దెకు తీసుకుని, సున్నం కొట్టించి, బోర్డు తగిలించారు. నేనూ, ఒక కాంపౌండరూ, ఒక మిడ్‌వైఫూ, ఒక హెల్త్ ఇన్‌స్పెక్టరూ ఉండేవాళ్లం. వానాకాలంలో మందుల బీరువా మీద గొడుగు పట్టుకుని వైద్యం చేసిన రోజులున్నాయి. మా కిందికి వరి పండించే ఊళ్లు కొన్ని, చేపలు పట్టే పాళేలు కొన్ని వచ్చేవి. ఈ సంగతి ఒక పాళెంలో జరిగింది.

నేను చేరిన కొత్తలోనే ఆ పాళెంలో ఒక మనిషిని పిచ్చికుక్క కరిచింది. అతను నాటువైద్యం చేయించుకుని, జబ్బు ముదిరాక మా దగ్గరికి వచ్చాడు. రేబిస్ లక్షణాలు ఒకసారి కనిపించాక చేయగలిగిందేమీ లేదు. మంచానికి కట్టేసిన ఆ మనిషి, చెంబు కనిపిస్తే చాలు గొంతు పట్టేసి గిలగిలా కొట్టుకోవడం పాళెమంతా నిలబడి చూసింది. తరువాత మా ఇన్‌స్పెక్టరు మైకు పట్టుకుని వీధి వీధీ తిరిగి, డిపార్ట్‌మెంటు వాళ్లు పంపిన ప్రకటన చదివాడు. పిచ్చికుక్క కరిచిన మనిషి నీళ్లకు భయపడతాడని అందులో ఉంది. మాట తప్పు కాదు. కానీ ఆ పాళెంలో నీళ్లంటే మొదట గుర్తొచ్చేది చెంబులో నీళ్లు కాదు, సముద్రం. ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

కొన్నాళ్లకు పోలయ్య వచ్చాడు. ముప్పై అయిదేళ్లవాడు, పనిలో గట్టివాడని పేరున్నవాడు. అతని భార్య చెంచమ్మ గూటిలోంచి జారిపడిన ఉడుత పిల్లను తెచ్చి, పాలలో ముంచిన దూది పెట్టి పెంచింది. అది ఇల్లంతా తిరిగేది, పోలయ్య భుజమెక్కి కూర్చునేది. ఒక పొద్దున పోలయ్య అన్నం పెడుతుంటే అతని వేలు కొరికింది. తరువాత రెండు మూడు రోజులకు చచ్చిపోయింది. చెంచమ్మ ఏడ్చి, దాన్ని సముద్రంలో వేసేసింది.

ఇక్కడ కొంచెం మా వృత్తి సంగతి చెప్పాలి. కరిచిన కుక్క కనిపిస్తుంటే దాన్ని పది రోజులు గమనిస్తాం. బతికి ఉంటే భయం లేదు. చస్తే తల కోసి కూనూరు పరీక్షశాలకు పంపాలి. అదీ దొరక్కపోతే అనుమానం కింద సూదులు వేయాలి. అప్పట్లో ఆ మందును గొర్రె మెదడు నుంచి తయారుచేసేవారు. రోజుకొకటి చొప్పున పద్నాలుగు, బొడ్డు చుట్టూ పొట్టలో వేసేవాళ్లం. ఎప్పుడో ఎక్కడో ఒకరికి ఆ మందే నరాలకు తగిలి కాళ్లు పడిపోయేవి. అందుకని అవసరం లేనివాడికి వేయకూడదని మాకు గట్టిగా చెప్పేవారు. ఎలుక, ఉడుత లాంటివాటి నుంచి మనిషికి రేబిస్ వచ్చిన దాఖలా లేదని మేం చదువుకున్నాం.

పోలయ్య అడిగాడు: "ఉడతకి పిచ్చి రాదా సార్?"

ఉడుత కరిచి ఎవరికీ ఆ జబ్బు వచ్చినట్టు చూడలేదన్నాను.

"అంటే రాదనా, రావొచ్చనా?"

నాకు విసుగు వచ్చింది. రాదు, పొమ్మన్నాను. గాయం కడిగించి పంపేశాను. వైద్యంగా అంతకుమించి చేయవలసింది లేదని ఇప్పటికీ అంటాను.

అతను మర్నాడు చేపల వేటకు వెళ్లాడు. తెప్పను అలల్లోకి తోసేటప్పుడు ఒక్క క్షణం ఆగి, నీళ్ల వంక చూశాడట. అంతే. కుక్క కరిచి చచ్చిపోయిన మనిషి అందరి కళ్లలో ఉన్నాడు, మైకులో విన్న మాట చెవుల్లో ఉంది. నీళ్లకు భయపడ్డాడని తెప్ప మీది వాళ్లు ఒడ్డుకు వచ్చి చెప్పారు. సాయంత్రానికి పెద్దకాపు దురాయి వేశాడు. పెద్దకాపు అంటే పాళెం పెద్ద. దురాయి అంటే ఆయన వేసే కట్టడి. దాన్ని దాటితే తెప్పలు కదలనివ్వరు, వలలు ముట్టనివ్వరు. పోలయ్యను ఎవరూ తెప్ప ఎక్కించుకోకూడదన్నది ఆ దురాయి. నడిసముద్రంలో పిచ్చెత్తి కరిస్తే తప్పించుకునే దారి ఉండదు కదా అని వాళ్ల వాదన. వాళ్లనూ తప్పుపట్టలేం.

సంగతి నా చెవిన పడేసరికి మూడు వారాలు గడిచాయి. నేను సైకిలు మీద పాళేనికి వెళ్లాను. పెద్దకాపు అరవై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. నాకు నులకమంచం వేయించి, నేను చెప్పిందంతా విని, ఒక్క మాట అన్నాడు.

"మీరు సదువుకున్నోళ్లు సార్, మేం కాదనం. మా ముందర ఒక గళాసు నీళ్లు తాగమనండి. ఈ గడియే దురాయి ఎత్తేస్తా."

ఇంత తేలికగా పోతుందా అని సంతోషించాను. పోలయ్యను పిలిపించారు. చుట్టూ పాళెమంతా మూగింది. అతను గ్లాసు అందుకున్నాడు. నోటిదాకా తెచ్చుకుని, మింగబోయి, పొలమారి కక్కేశాడు. జనం వెనక్కు జరిగారు. ఎవరో ఆడమనిషి బిడ్డను చంకనెత్తుకుని పరుగెత్తింది. చెంచమ్మ మాత్రం అక్కడే నిలబడి, "ఏందయ్యా, నిన్న రాత్రి గంజి తాగినావు గదా, తాగు, తాగు" అని బతిమాలుతోంది.

అది రేబిస్ కాదు. జ్వరం లేదు, చొంగ లేదు, గంజి దిగుతోంది, తెలివి నిక్షేపంగా ఉంది. అది ఉత్త భయం. ఆ మాట గొంతు చించుకుని చెప్పాను. కానీ కళ్లతో చూసింది వదిలేసి నా మాట ఎవరు నమ్ముతారు? ఆ జబ్బు నిజంగా వచ్చినవాడు నాలుగు రోజులు బతకడని, ఇతను వారాలుగా తిరుగుతున్నాడని చెప్పి చూశాను. ఇంకా ముదరలేదన్నారు. అంత నిస్సహాయంగా నా ఉద్యోగంలో మరెప్పుడూ లేను.

తరువాత పోలయ్యే వచ్చి సూదులు వేయమన్నాడు. పద్నాలుగూ వేయించుకుంటే దురాయి ఎత్తేస్తానని పెద్దకాపు ఒప్పుకున్నాడట. మందు వల్ల కాళ్లు పోయే ప్రమాదముందని దాచకుండా చెప్పాను. అరుదే కానీ ఉందన్నాను.

"కాళ్లు పెట్టుకోని ఒడ్డున కూసోని ఏం జేసేది సార్? ఇంట్లో పొయ్యి ఎలిగి ఎన్నాళ్లయిందో అడగండి మా ఇంటిదాన్ని" అన్నాడు.

నెల్లూరుకు, జిల్లా వైద్యాధికారి గారికి రాశాను. జంతువు పరీక్షకు దొరకనప్పుడు, రోగి కోరితే వేయవచ్చునని జవాబు వచ్చింది. నిబంధన అదే, ఆయన కొత్తగా చెప్పిందేమీ లేదు. మందు ఫ్లాస్కులో ఐసు మధ్య రైల్లో బిట్రగుంటకు వచ్చేది. కాంపౌండరు వెళ్లి తెచ్చేవాడు. పోలయ్య రోజూ నడిచి వచ్చి, పొట్ట చూపించి, మూలగకుండా వేయించుకున్నాడు. రోజురోజుకూ మొహం తేటపడింది. చివరి సూది అయ్యాక కాంపౌండరు చేత మంచినీళ్లు తెప్పించుకుని, నా ముందు గటగటా తాగాడు. పెద్దకాపు అన్న మాట నిలబెట్టుకున్నాడు. పోలయ్య తెప్ప ఎక్కాడు.

వారం తిరగకముందే అతన్ని నలుగురు మంచం మీద మోసుకొచ్చారు. నడుము కింద స్పర్శ లేదు. మూత్రం బిగిసింది. గొట్టం వేసి మూత్రం తీసి, అదే మంచం మీద బిట్రగుంట చేర్చి, రైల్లో నెల్లూరు పంపాను. అక్కడ చేయవలసిందంతా చేశారు. ప్రాణం దక్కింది. మూత్రం తిరిగి అదుపులోకి వచ్చింది. కాళ్లు రాలేదు.

బదిలీ అయ్యే ముందు చూడడానికి వెళ్లాను. గుడిసె ముందు గుంజకు ఆనుకుని వల అల్లుతున్నాడు. కుశల ప్రశ్నలయ్యాక తల ఎత్తకుండా అడిగాడు.

"ఒక్క మాట నిజం జెప్పండి సార్. ఆ ఉడతకి పిచ్చి ఉన్నిందా, లేదా?"

రోగికి అబద్ధం చెప్పకూడదన్నది నా నియమం. లేదన్నాను. మొదటి రోజు చెప్పిందే ఇప్పుడూ చెప్తున్నానని కూడా అన్నాను. అతను అల్లిక ఆపేశాడు.

చెంచమ్మ బాట దాకా నా వెనక వచ్చింది.

"ప్రాణం దక్కినందుకు కాళ్లు పోయినాయని సర్ది చెప్పుకుంటా ఉన్నాడు సార్. ఉడతకి పిచ్చి ఉన్నిందని అంటే మీదేం పోయేది?" అంది.

సైకిలెక్కి వచ్చేశాను.

ఈ ఉదంతం నేర్పింది ఒక్కటే. చికిత్సకు ముందు రోగి అడిగే ప్రశ్న, చికిత్స అయిపోయాక అడిగే ప్రశ్న మాటల్లో ఒకటే అయినా ఒకటి కావు. మొదటిదానికి జవాబు పుస్తకంలో ఉంటుంది. రెండోదానికి ఉండదు. ఆ రోజు నేను రెండోదానికి పుస్తకం చూసి జవాబు చెప్పాను.