సిమ్మాలమ్మ వేపాకు నీళ్ళు

ఉగాది అంటే సిమ్మాలమ్మకు పచ్చడి కాదు, కొత్త చీరా కాదు. నీళ్ళు. మలేషియాలో తెలుక్ ఇంటాన్ పక్క తోటలో పాల కోసం రబ్బరు చెట్లు గీసిన రోజుల నుంచీ అంతే. ఆ ఉదయం పెద్ద డేక్సాలో వేపాకు, దంచిన పచ్చి పసుపు, నిమ్మగడ్డి వేసి మరగబెట్టేది. పాత ఏడాది జబ్బూ దిష్టీ నెత్తి మీంచి దిగిపోవాలని, తోట కూలీల లైను ఇళ్ళ పిల్లలందరికీ తనే తలకి పోసేది. పెద్దవాళ్ళ తల తడిశాకే చిన్నవాళ్ళకి. ఆ వరస తప్పితే ఊరుకునేది కాదు. ఓసారి కూతురు పునిత అన్నకంటే ముందొచ్చి పీట మీద కూర్చుంటే రెక్క పట్టుకుని లేవదీసింది. మొండి మనిషి. మొగుడు పోయాక ఇద్దరు పిల్లల్ని ఆ మొండితనంతోనే పెంచింది. తోట వదిలి ఇపోలో ఫ్లాటుకి మారినప్పుడు మంచాన్ని కూడా వదిలేసింది కానీ డేక్సాని వదల్లేదు.

ఈ ఏడాది ఆ డేక్సాను చూస్తేనే పునితకు భయం. అన్న శ్రీకుమార్ లేడు. తల్లి గుండె ఆపరేషనై ఆసుపత్రిలో ఉండగా అతను నడిపే లారీ బోల్తా పడింది. ఈ కబురు ఆమె తట్టుకోలేదని అందరూ భయపెట్టారు. తల్లికి తెలియకుండానే దహనం అయిపోయింది. అన్నకి సింగపూర్‌లో పని దొరికింది, సెలవు లేదని చెప్పింది పునిత. ఒక్క అబద్ధంతో సరిపోతుందనుకుంది, పిచ్చిది. ఫోనైనా చెయ్యడేమని తల్లి అడిగినప్పుడల్లా ఇంకోటి పుట్టించాల్సి వచ్చింది. చివరికి నోరు జారి, ఉగాదికి వస్తాడులే అనేసింది.

"అన్న బస్సు దిగినాడేటే?" పొయ్యి దగ్గర్నుంచి అడిగింది సిమ్మాలమ్మ.

"వస్తాడులే, అమ్మా. రోడ్డు మీద జామ్ ఉన్నట్టుంది. నువ్వు నాకు పోసీ."

"ఆడికి పొయ్యకుండా నీకెలాగ పోస్తాను?"

నీళ్ళు చల్లారాయి. సిమ్మాలమ్మ మళ్ళీ పొయ్యి వెలిగించింది. అవీ చల్లారాయి. పునిత భుజాన తువ్వాలుతో నిలబడి అల్లాడిపోయింది. చెబితే అమ్మ దక్కుతుందో లేదో తెలియదు. చెప్పకపోతే సాయంత్రం దాకా ఇలా ఎదురు చూస్తూనే ఉంటుంది. బస్సు చెడిపోయిందని చెబుదామనుకునేలోగా తల్లి లేచి, కొడుకు వస్తున్నాడేమోనని వాకిట్లోకి వెళ్ళింది. ఎదురింటి గుమ్మానికి మామిడాకులు పచ్చగా ఉన్నాయి. ఆమె తల తిప్పి తమ గుమ్మం వైపు చూసింది.

చావు జరిగిన ఇంట ఏడాది తిరిగేదాకా తోరణం కట్టరు. తల్లిని నమ్మించడానికైనా కట్టాల్సింది. కానీ అన్న పోయిన ఇంటికి మామిడాకు కట్టడానికి పునితకు చేతులు రాలేదు.

"తోరణం కట్టనేదేటే?"

పునిత తల వంచుకుంది. సిమ్మాలమ్మ గోడ పట్టుకుని కూతురి వైపు చూసింది. ఏడవలేదు. మెల్లగా స్నానాల గదిలోకి నడిచి, కొడుకు కోసం వేసిన పీట మీద తనే కూర్చుంది. చెంబు కూతురి చేతికిచ్చింది.

"ఎప్పుడు పోయినాడో తరవాత సెప్దువు. ముందు నా నెత్తి మీద పొయ్యే. కొడుకు సచ్చిపోతే మైల తానం సెయ్యకుండా ఇన్నాల్లు అన్నం తినేసినాను."