సున్నపు ఉన్ని పొక్కులు

ఏలూరు పట్టణంలో తమ్మిలేటి ఒడ్డునున్న తంగెళ్ళమూడిలో, వెనుక ముప్పయ్యవ దశకంలో, మొహిద్దీన్ సాహెబు అనే తివాచీ నేతగాడు ఉండేవాడు. ఆయన చేతి పనికంటె గొంతుకే ఎక్కువ పేరు. తివాచీ నేసేటప్పుడు ఏ పోగుకు ఏ రంగు ముడి వేయాలో ఒకరు పాటలాగా చెబుతూ ఉండాలి. పక్కన కూర్చున్నవారు ఆ మాట అందుకుని ముడి వేస్తారు. "రెండు ఎరుపు, ఒకటి ఆకుపచ్చ, మూడు తెలుపు" అని మొహిద్దీన్ సాహెబు గొంతెత్తితే, తమ్మిలేట్లో ఉన్ని ఉతికే ఆడవాళ్ళు సైతం ఆ పూట పువ్వు నేస్తున్నారో అంచు నేస్తున్నారో చెప్పగలిగేవారు.

ఆయన మగ్గం మీద ముగ్గురు పనివారు. ఒకే పలక మీద భుజానికి భుజం ఆనించి కూర్చునేవారు. ఎడమ చివర అబ్దుల్ జబ్బారు. చిన్ననాడే మశూచి పోసి ముఖమంతా గుంటలు పడిన మనిషి, మితభాషి. నడుమ సైఫుల్లా. కుడి చివర మొహిద్దీన్. ముగ్గురి ముడులూ పూర్తయితేనే ఇనుప దువ్వెనతో ఆ వరుసను దట్టించడానికి వీలవుతుంది. కనుక వారిలో ఒకరు రాకపోతే మిగిలినవారికీ పని లేదు. పాట చెప్పేవాడే రాకపోతే సరేసరి, మగ్గం ఉన్నచోటనే ఉండిపోతుంది.

మొహిద్దీన్, మరియంబీ దంపతులకు సంతానం లేదు. ఎదురింటి రబియమ్మ భర్త చనిపోయిన తరువాత, ఆమె కుమారుడు సైఫుల్లాను పలక మీద తన పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పినవాడు మొహిద్దీనే. సైఫుల్లాకు ఆ యేడే కైకలూరు పిల్ల మున్నీతో వివాహం జరిగింది.

ఆ వేసవిలో పట్టణానికి మశూచి వచ్చింది. జ్వరం తగిలినవారు ఇల్లు కదలరాదనీ, అందరూ టీకాలు వేయించుకోవలసిందనీ వీధివీధినా టముకు వేశారు. టీకాలు వేసే నిత్యానందం గారు తన పెట్టె పుచ్చుకుని నేత పాకకు కూడా వచ్చాడు. ఆయన గడప దాటేసరికి సైఫుల్లా రెండు చేతులూ వెనక్కు దాచుకున్నాడు.

"టీకా పడితే చెయ్యి వాచి వారం రోజులు లేవదటండీ. ముడి కాలితో వెయ్యమంటారా?" అన్నాడు.

మొహిద్దీన్ నవ్వి, "కుర్రవాడు చెప్పింది నిజమేనండీ. ఈ తివాచీ మదరాసులో ఓడకు అందాలి. మగ్గం దిగనివ్వండి. దిగిన మర్నాడే నేనే వీడి చెవి పట్టుకుని మీ దగ్గరకు తీసుకువస్తాను" అన్నాడు.

"మగ్గం దిగేదాకా ఆగాలని జబ్బుకు ఎవరు చెబుతారండీ?" అన్నాడు నిత్యానందం గారు.

బలవంతం చేయడం ఆయనకు అలవాటు లేదు. పెట్టె మూసి పక్క పాకకు వెళ్ళాడు.

తరువాత కొద్ది రోజులకే మొహిద్దీన్‌కు జ్వరం తగిలింది. పెద్ద జ్వరమేమీ కాదు. నడుము లాగింది, తల బరువెక్కింది. అయినా టముకు మాట మన్నించి ఆయన రెండు రోజులు మంచం దిగలేదు. మగ్గం ఆగింది. మూడవ నాటి ఉదయానికి ఒళ్ళు చల్లబడింది, కాస్త గంజి కూడా సయించింది. అయితే ముంజేతుల మీద అక్కడక్కడ పొక్కులు లేచాయి. నుదుటి మీద కూడా ఒకటి కనిపించింది.

ఆయన చొక్కా వేసుకోవడం చూసి మరియంబీ గుమ్మానికి అడ్డం వచ్చింది.

"ఏవండీ, ఇంకా నాలుగు రోజులు ఆగండి. టముకువాడు చెప్పింది మీరూ విన్నారు కదా."

"జ్వరం ఉన్నవాడిని ఆగమన్నారు. నాకు జ్వరమేదీ? ఇదిగో, పట్టుకు చూడు."

"చల్లగానే ఉందండీ. మరి ఆ పొక్కులేమిటి?"

"సున్నపు ఉన్ని. మొన్ననే కదా కొత్త బేలు విప్పాం."

ఆ మాటలో అబద్ధం లేదు. తోళ్ళ మండీలలో సున్నం పూసి తీసిన ఉన్ని ఎన్నిమార్లు ఉతికినా దాని ఘాటు పోదు. కొత్త బేలు విప్పినప్పుడల్లా నేతగాళ్ళ చేతులు పొక్కడం, వారు వేపనూనె రాసుకుని పని చేసుకుపోవడం ఆ పేటలో పిల్లలకు కూడా తెలిసిన సంగతి.

"నుదుటి మీద కూడా ఉన్ని నేస్తున్నారా?" అంది మరియంబీ.

"చెమట తుడుచుకునేది ఆ చేత్తోనే కదూ."

ఇంతలో సైఫుల్లా అరుగు ఎక్కాడు. "ఉస్తాదు గారూ, లేచారా? ఈ రెండు రోజులూ మా అమ్మ నన్ను కూర్చోనివ్వలేదండీ. నీళ్ళు మోయించింది, కట్టెలు కొట్టించింది. ఇవాళ కూడా మగ్గం లేదంటే చీపురు చేతికిస్తుంది."

"కొత్త పెళ్ళికొడుకువి. ఇంటిపట్టున ఉండమంటే అంత కష్టంగా ఉందిరా?" అంది మరియంబీ.

"కష్టం నాకు కాదు పిన్నిగారూ, మున్నీకి. నేను ఊడ్చిందంతా మళ్ళీ ఊడ్చుకోవాలి పాపం."

ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే మొహిద్దీన్ ఒకసారి తన ముంజేతి వంక చూసుకున్నాడు. ఒక పొక్కు నడుమ చిన్న సొట్ట ఉన్నట్టు తోచింది. ఉన్ని పొక్కుకు సొట్ట పడదు. గడప మీద పెట్టిన కాలు ఒక్క క్షణం అక్కడే నిలిచింది. ఓడ తప్పితే వర్తకుడు మరుసటి పని వేరే మగ్గానికి ఇస్తాడు. మూడు ఇళ్ళ పొయ్యిలు ఆ పని మీద ఆధారపడి ఉన్నాయి. చిన్నతనంలో టీకా పడిన ఒళ్ళు, పైగా జ్వరం కూడా దిగిపోయింది. ఇన్ని కారణాలు ఒకదాని వెనుక ఒకటి బారులు తీర్చి వచ్చేసరికి, ఆ సొట్టను మరొకసారి పరకాయించి చూడాలన్న బుద్ధి వెనుకబడింది. ఆయన చొక్కా చేతిని మణికట్టు దాకా దింపుకుని వీధిలోకి అడుగుపెట్టాడు.

ఆ రోజున ఆయన గొంతు సరిగా పెగలలేదు. జ్వరం వల్ల బొంగురుపోయింది. పాట వినిపించక సైఫుల్లా తన చెవిని ఆయన నోటి దగ్గరకు ఆనించి, విన్నదానిని పైకి చెప్పి జబ్బారుకు అందించాడు. "ఇవాళ ఉస్తాదును నేనే. జబ్బారు భాయ్, కాస్త అదుపులో ఉండు" అని మధ్యమధ్య వేళాకోళం చేశాడు. మరునాడూ అదే విధంగా జరిగింది. నాలుగైదు రోజులలో పొక్కులు ఎండి రాలిపోయాయి, గొంతు తెరుచుకుంది. మరియంబీ కూడా ఆ సంగతి మరచిపోయింది.

మరి రెండు వారాలకు సైఫుల్లా పలక మీద నుంచి లేచి నిలబడలేక గోడ పట్టుకున్నాడు. ఇంటికి మోసుకువెళ్ళారు. మూడవ నాటికి ముఖం మీద, నోటిలో, అరచేతులలో సందు లేకుండా పోసింది. కన్నతల్లే పోల్చుకోలేని విధంగా ముఖం మారిపోయింది. వేళాకోళం లేనిదే మాట సాగని ఆ నోట నీళ్ళ చుక్క దిగడం కూడా కష్టమయింది.

రబియమ్మ గుమ్మానికి వేపమండలు కట్టింది. తరువాత ఆమె కోపమంతా కోడలి మీదకు మళ్ళింది. మున్నీ నెల్లాళ్ళ కిందట పుట్టింటికి వెళ్ళి, కొల్లేటి మీదుగా పడవలో తిరిగి వచ్చింది. మశూచి ఆ పిల్ల వెంటనే వచ్చిందని రబియమ్మ తీర్మానించింది. పేటలోని ఆడవాళ్ళు అవునవునన్నారు. మున్నీ వంటింటి మూల కూర్చుని ఆ మాటలన్నీ వింటూ ఉండేది.

కబురు విని నిత్యానందం గారు వచ్చాడు. రోగిని చూసి, మున్నీ జబ్బ మీద టీకా మచ్చ చూసి, ఎదురింటి అరుగు మీద మొహిద్దీన్ పక్కన కూర్చున్నాడు.

"ఆ అమ్మాయి తేలేదండీ. ఈ మాట విని ముందే కైకలూరులో వాళ్ళ వీధి విచారించాను. ఎవరికీ లేదు. మీ మగ్గం దగ్గర ఈ మధ్య ఎవరికైనా జ్వరం వచ్చిందా?"

"నాకే వచ్చిందండీ. రెండు రోజులు. అదేమంత జ్వరం కాదు."

"ఆ తరువాత?"

"తరువాత ఏముందండీ, తగ్గిపోయింది. కాసిని ఉన్ని పొక్కులు..." అంటూ మొహిద్దీన్ సహజంగానే చొక్కా చేతిని పైకి మడిచాడు.

నిత్యానందం గారు ఆ ముంజేతిని వెలుతురు వైపు తిప్పాడు. రాలిన పొక్కుల చోట సన్నటి గుంటలు ఉన్నాయి. తరువాత ఆ చేయి వదిలి, రబియమ్మ ఇంటికి వినబడకుండా గొంతు తగ్గించాడు.

"చిన్నప్పుడు టీకా పడింది కనుక మీకు ఇంత తేలికగా పోయిందండీ. ఇది ఉన్ని కాదు. ఆ కుర్రవాడికి వచ్చిందీ మీకు వచ్చిందీ ఒకటే."

"నాకు జ్వరం దిగిపోయింది కదండీ."

"ఈ జబ్బులో పొక్కు లేచేటప్పుడు జ్వరం దిగుతుందండీ. అంటుకునేదీ అప్పుడే."

మొహిద్దీన్‌కు ఆ మాటలు చెవిన పడ్డాయి గాని, తలకు ఎక్కలేదు. ఎవరో పరాయి మనిషి సంగతి చెబుతున్నట్టుగా వింటూ కూర్చున్నాడు. తరువాత, తన నోటికి చెవి ఆనించి వంగిన సైఫుల్లా మెడ కళ్ళ ముందు నిలిచింది. ఆయన చేయి తనంతట తానే పైకి లేచి నోటికి అడ్డం పడింది. నిత్యానందం గారు ఏమేమో అడిగాడు. మరియంబీ నీళ్ళు తెచ్చి ముందుంచింది. ఆ చెంబు ఎందుకు తెచ్చిందో కూడా ఆయనకు బోధపడలేదు.

"ఆ అమ్మాయిని అనవద్దని మీరైనా చెప్పండి. రబియమ్మ గారు నా మాట వినడం లేదు" అని నిత్యానందం గారు లేచి వెళ్ళాడు.

ఒకసారి వచ్చినవారికి మళ్ళీ రాదు కనుక జబ్బారూ మొహిద్దీనూ వంతులవారీగా సైఫుల్లా దగ్గర కూర్చున్నారు. మూసుకుపోయిన కళ్ళతోనే సైఫుల్లా మనిషిని పోల్చాడు.

"ఉస్తాదు గారా?"

"నేనేరా."

"అంచు ఎంతవరకు వచ్చిందండీ?"

"నువ్వు లేచి నెయ్యాలి. ఎక్కడిదక్కడే ఉంది."

"మున్నీని ఏమీ అనవద్దని అమ్మకు చెప్పండి. మీ మాట వింటుంది."

చెప్పవలసిన మాట మొహిద్దీన్ నాలుక మీద ఉంది. "చెబుతాను" అని మాత్రం అన్నాడు. ఆ సాయంకాలం రబియమ్మ ఎదుట రెండుసార్లు నిలబడ్డాడు. రెండుసార్లూ రోగికి పాలు దిగాయా అని అడిగి తిరిగి వచ్చాడు. మరునాటి ఉదయం సైఫుల్లా చనిపోయాడు. శవానికి స్నానం చేయించడానికి ఎవరూ ముందుకు రాలేదు. జబ్బారు నీళ్ళు పోశాడు. ఆ ఒంటిని కడిగినది మొహిద్దీనే.

భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజుల గడువు తీరేదాకా ఆ ఇల్లు దాటకూడదు. ఆ సంగతి రబియమ్మకు తెలియనిది కాదు. అయినా వారం తిరగకముందే కొల్లేటి పడవ రేవు దాకా బండి మాట్లాడింది. ఆనాటి ఉదయం మున్నీ బట్టల మూట బండిలోకి చేరింది. పేట అంతా గుమ్మాలలో నిలబడి చూస్తోంది. వద్దని చెప్పినవారు ఒక్కరూ లేరు.

మొహిద్దీన్ వీధి దాటి బండి ముందు నిలబడ్డాడు.

"రబియమ్మా, ఆ పిల్లను దింపు."

"మా ఇంటి విషయం మీకెందుకండీ? నా బిడ్డను తినివేసిన దానిని నా కళ్ళ ముందు ఎలా ఉంచుకోను?"

"ఆ పిల్ల తేలేదు. నేను తెచ్చాను."

రబియమ్మ ఆయన వంక మతి పోయిన మనిషిని చూసినట్టు చూసింది. "పోయినవాడి మీద ప్రేమకొద్దీ అంటున్నారు. వెళ్ళండి, ఇంటికి వెళ్ళండి" అంది.

ఆయన రెండు చేతులూ ముందుకు చాచి, ఆ గుంటలు చూపించి, జరిగినది జరిగినట్టుగా చెప్పాడు. పాట చెప్పే గొంతుతోనే చెప్పాడు కనుక వీధి చివరి గుమ్మం దాకా వినిపించింది. మరియంబీ తమ అరుగు మీదనే కూలబడింది. రబియమ్మ పెదవులు కదిలాయి.

"తెలిసే వచ్చారా?"

తెలియదంటే సరిపోయేది. ఉన్ని సంగతి ఎరుగని నేతగాడు ఆ వీధిలో లేడు, అందరూ నమ్మేవారు.

"తెలియదని చెప్పలేను తల్లీ. ఒకటి తేడాగా కనిపించింది. చొక్కా చేతితో కప్పుకున్నాను."

రబియమ్మ ఆయనను తిట్టలేదు. ఏడవలేదు. బండి దగ్గరకు నడిచి మూట తానే దింపింది. ఇన్నాళ్ళుగా తాను అన్న మాటలన్నీ అప్పుడే ఎవరో తనకు వినిపిస్తున్నట్టుగా కోడలి ముఖంలోకి చూసి, "దిగు" అంది. మున్నీ కదలలేదు. రబియమ్మ చేయి అందించింది. ఆ చేతిని చూసి మున్నీ ముందు జంకింది, తరువాత పట్టుకుని దిగింది.

గడప దగ్గర రబియమ్మ వెనుతిరిగింది.

"మొహిద్దీన్ గారూ, వాడికి పని నేర్పారు. వాడి ఒళ్ళు కడిగారు. అవి నేను మరచిపోను. ఈ గడపలోకి మాత్రం ఇంక రాకండి."

"రాను తల్లీ."

తలుపు మూసుకుంది. ఎడ్లు తోకలు విసురుకుంటున్నాయి. బండివాడికి జరిగినదేమీ అర్థం కాలేదు. ఎవరిని అడగాలో తెలియక, వీధి నడుమ నిలబడి ఉన్న మనిషినే అడిగాడు.

"రేవుకు ఎవరూ రారాండీ?"

మొహిద్దీన్ సాహెబు ఆ మూసిన తలుపు వైపే చూస్తూ, రారన్నట్టు తల అడ్డంగా ఊపాడు.