నేను పెట్టిన నాలుగో షరతు

ఆ పెద్దాయన వయసు మీదపడి వైద్యం మానుకున్నాడని మా నిమ్‌పురా కాలనీలో ఇప్పటికీ అనుకుంటారు. అది నిజం కాదు. మాన్పించింది నేను.

ఎనభైల చివర్లో డాక్టరు చదువు ముగించి బెంగాల్‌లోని మా ఊరు ఖరగ్‌పూర్ తిరిగొచ్చాను. అక్కడి ఇందా పేటలో ఒక నర్సింగ్‌హోమ్ యజమాని మూడేళ్ల ఒప్పందం నా ముందు పెట్టాడు. నేనడిగినవి ఆదివారం సెలవు, డ్యూటీ వేళలు, సొంత గది. మూడింటికీ "ఠీక్ హై" అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి నాకు ధైర్యమొచ్చింది. తెలుగు రోగులను నేనొక్కడినే చూస్తానన్నాను. ఆయన పెన్ను ఆపి, రెండు రోజులు గడువు అడిగాడు. మూడో రోజు సంతకాలయ్యాయి.

అప్పటిదాకా వాళ్లను చూస్తున్నది ఆ పెద్దాయనే. అక్కడే కాంపౌండరుగా చేరి, చూసి చూసి వైద్యం నేర్చాడు. పట్టా లేదు. రైల్వే వర్క్‌షాపులోని తెలుగు కుటుంబాలవాళ్లు ఏ ఆస్పత్రిలో మాత్రలిచ్చినా తెచ్చి, ఆయన చేత్తో ముట్టుకున్నాకే మింగేవారు. నాకది ఒట్టి మూఢత్వం.

నేను చేరిన రోజు ఉదయం పదింటికి ఆయన ఉతికిన తెల్లచొక్కాతో వచ్చి, నా గది బయట బెంచీ చివర కూర్చున్నాడు. నా దగ్గర మాత్రలు తీసుకున్నవాళ్లు బయటికెళ్లి వాటిని ఆయన ముందు పట్టారు. ముట్టుకున్నాడు. ఇచ్చేశాడు. రోజూ అంతే. వరండా నిండా జనం, ఒక్కరి గొంతూ వినబడేది కాదు. తలుపు సందులోంచి ఆ చెయ్యి కనిపించేదాకా నేను తరవాతి రోగిని పిలవడం మానేశానని కొన్నాళ్లకు గమనించుకున్నాను.

ఒకరోజు ఒక ముసలమ్మ మాత్రల పొట్లం ఆయన ముందు పట్టింది. ఆయన చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి. ఆమె కదలదు, ఆయన చూడడు. నేనే ఆమెను లోపలికి పిలిచాను.

"ఈ సల్ఫా మాత్రలు ఎప్పుడైనా పడలేదా, అమ్మా?"

"ఒళ్లంతా బొబ్బలెక్కిపోనాయి కదా బాబూ. నువ్వు అడగనేదు."

మందు మార్చాను. నా పొరపాటు ఆయన పట్టుకున్నాడన్న ఉక్రోషంతో ఆ సాయంత్రమే బెంచీ తీసెయ్యమని యజమానికి చెప్పాను. మర్నాడు ఆయన వచ్చి, బెంచీ ఉండిన చోట గంటసేపు నిలబడి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

నెల తిరక్కుండానే ఝపటాపూర్‌లో ఆయన ఇంటికి వెళ్లాను.

"మావయ్యా, ఆ షరతు..."

"తెల్సు. నువ్వు సంతకం సెయ్యకముందే నర్సింగ్‌హోమ్ దాదా ఆ కాగితం నాకు సూపించినాడు. ఏటి సెయ్యమంటావన్నాడు. మనోడే, సదువుకున్నోడు, ఒప్పేసుకోమన్నాను."

"మరి రోజూ వచ్చి ఎందుకు కూర్చున్నారు?"

"ఎవులికి ఏ మందు పడదో ఏ కాగితం మీదా నేదు కదా బాబూ. నువ్వొచ్చి అడుగుతావనుకున్నాను." నవ్వాడు. "రేపు పుస్తకం తెచ్చుకో. ఇంటింటి సంగతీ సెప్తాను."

మర్నాడు వెళ్లలేదు. పనుందని నాకు నేనే చెప్పుకున్నాను. పట్టా లేనివాడి ముందు కూర్చుని రాసుకోవడానికి నామోషీ, అంతే. మూడు వారాల తరవాత పుస్తకంతో వెళ్లేసరికి ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. నోరు తెరిచాడు. గొంతులోంచి గాలి మాత్రమే వచ్చింది. కళ్లు నా చేతిలోని పుస్తకపు తెల్లకాగితాన్ని వదల్లేదు.

ఆ తరవాత ఏ రోగినైనా ముందు ఆ ఒక్క ప్రశ్నే అడిగాను. అంతకుముందు నేను అడక్కుండా పంపినవాళ్లలో ఎవరికి ఏమైందో నాకు తెలియదు.